మేడ్చలు బాటలో మృదుదారువు

సికింద్రాబాదునుండి నాగపూరు బాటవెంట ఉత్తరదిశగా బయలుదేరి, కొంపల్లిని, కండ్లకోయను దాటి మేడ్చలు చేరువరకును, అచ్చటినుండి తూర్పునకు మరలి శామీర్‌పేట చెరువుకట్ట ఎక్కువరకును కంటబడు చెట్లన్నియు ఈ నేలకు తరతరాల చుట్టములే: గుట్టల నడుమ మోదుగు, సీతాఫలము, తుమ్మ, పొలముల గట్లపై తాడి, ఈత, ఊరి మొగదల వేప, చింత, రావి. సూదులవంటి ఆకులతో, పొలుసుల కాయలతో పెరుగు పైన్, స్ప్రూస్, ఫర్ జాతుల వృక్షమొక్కటియు ఈ ఎఱ్ఱనేలలో తనంతట మొలచిన జాడ లేదు. అయినను, ఈ బాటల కిరువైపుల వెలసిన కర్మాగారముల ప్రహరీల ప్రక్కను, గిడ్డంగుల ముంగిటను, కోతమిల్లుల దొడ్లలోను లేతపసుపు చాయతో, గోధుమవన్నె ముడులతో, జిగురువాసనతో పేర్చియుంచిన పైన్ చెక్కకు నేడు కొదవలేదు. ఈ కలప ఎచ్చటిది, ఏ దేశపు అడవి మూతపడగా ఏ దేశపు అడవిలో గొడ్డలి మ్రోగి ఇంతదూరము వచ్చినది అని విచారింపబోయిన వానికి ఉత్తరము మేడ్చలులో దొరకదు; రెండువందల యేండ్ల అంతర్జాతీయ వాణిజ్య చరిత్రను తిరుగవేయవలసి వచ్చును. ఆ చరిత్రలో ఏ దేశము ఎంత కలప పంపినది, ఏ దేశము ఎంత కొన్నది అని అంకెలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చుట పండితులకు పరిపాటియే. కాని ఆ అంకెలు చెట్లను గూర్చి చెప్పుదానికంటె శాసనములను, సుంకములను గూర్చియే ఎక్కువగా చెప్పుచున్నవని నేను తలంతును.

ముందుగా ఈ ప్రాంతపు పాత ఇండ్లకు కలప ఎట్లు సమకూడెడిదో తలచుకొనుట మంచిది. సామాన్యుని యింటికి తాటిదూలములు, వేపవాసములు చాలును. నాగలికిని బండిచక్రమునకును నల్లతుమ్మను మించినది లేదు. కలిగినవాడు మాత్రము మద్దినో, ఏగిసనో, అన్నింటికంటె మిన్నగా టేకునో కోరెడివాడు. హైదరాబాదు మాటలో సాగువానని పిలువబడు ఆ టేకు ఆదిలాబాదు, ఓరుగల్లు దిక్కుల అడవులనుండి రావలసినదే. ఇల్లంతయు మట్టిగోడలదైనను దర్వాజ యొక్కటి టేకుదై యుండవలెనని పట్టుదల. దర్వాజ నిలుపునాడు ముహూర్తము పెట్టించి, గడపకు పసుపుకుంకుమలు పూసి, మామిడాకులు కట్టి, గడపక్రింది గుంటలో నవధాన్యములను వేసి, వడ్రంగికి క్రొత్తబట్టలు పెట్టి కాని ఆ యింటివారు ముందడుగు వేయరు. కొనబోయిన దుంగలో చేవ యెంత, పైపొర యెంత అని గోటితో గీచి, గొడ్డలిమడమతో కొట్టి చప్పుడు విని నిర్ణయించు వడ్రంగి చూపునకు పైన్ కలప యొకటి యున్నదని తెలియుటకు కారణమే లేకుండెను.

వృక్షశాస్త్రమున మృదుదారువులన్నవి శంకుఫలములు కాయు వృక్షముల కలపలే. చేతికి మెత్తగా తగులుటతో ఈ విభాగమునకు నిమిత్తము లేదు. నిర్మలు బొమ్మలు చెక్కు పొనికికఱ్ఱ పైన్‌కంటె ఎంతయో మెత్తనిదైనను శాస్త్రప్రకారము కఠినదారువుల వర్గమున చేరును. హిమాలయములలో దేవదారువు, సరళవృక్షము, స్ప్రూస్, ఫర్ విస్తారముగా నున్నవి. వింధ్యకు దక్షిణమున మాత్రము స్వయంజాతమైన శంకుఫలవృక్షము పడమటి కనుమలలో పెరుగు నగేయా యొక్కటియే. అరకులోయలో యాత్రికులు చూడబోవు పైన్‌తోట అటవీశాఖవారు నాటి పెంచినది. కనుక తెలుగుదేశమున మృదుదారువు కథ ఆదినుండియు దిగుమతి కథయే.

ఆ దిగుమతికి తొలిదారి రైలు వేసినది. 1853లో బొంబాయి–ఠాణా మార్గము తెరువబడిన పిమ్మట పట్టాలక్రింద పరచుటకు లక్షలకొలది స్లీపర్లు కావలసివచ్చినవి. సాలవృక్షములును, టేకును, దేవదారువును గల ఈ దేశమున కలపకేమి కొదువయని మనకు తోచును. కాని అడవినుండి రైలుకట్టవరకు ఎడ్లబండిపై మోయుటకంటె, బాల్టిక్ సముద్రతీరమున నరికిన ఫర్ దుంగను ఇంగ్లండుకు చేర్చి, అచ్చట క్రియోసోటు తైలమును ఒత్తిడితో ఎక్కించి, ఆఫ్రికాఖండమును చుట్టివచ్చు ఓడపై బొంబాయిలో దించుటయే సులభమని ఆనాటి ఇంజనీర్లు లెక్కగట్టిరి. అదే కాలమున మౌల్మీను రేవునుండి బర్మాటేకు ఇంగ్లండు నౌకానిర్మాణశాలలకు తరలిపోవుచుండెను. అనగా, శతాబ్దములు మన్నెడి చేవకలప ఇచ్చటినుండి పోవుచుండగా, నూనె పట్టించనిదే చెదలకు ఆహారమగు కలప అచ్చటినుండి వచ్చుచుండెను. రెండును ఒక్క సామ్రాజ్యపు లెక్కపుస్తకములోనే జమాఖర్చులైనవి. 1856లో పెగూ అడవులకు పర్యవేక్షకుడుగా వచ్చి, 1864లో భారతదేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టరు జనరలైన డీట్రిక్ బ్రాండిస్ కాలమునుండి దేశీయపు అడవులను రైళ్లకొఱకు లెక్కపెట్టి నరకుట అను పద్ధతి నెలకొన్నది. నిజాము రాజ్యమునకు 1874లో వాడినుండి సికింద్రాబాదువరకు రైలు వచ్చినది. మేడ్చలుమీదుగా ఇందూరు, మన్మాడుల దిక్కునకు పోవు గోదావరిలోయ రైలుమార్గము ఆ శతాబ్దాంతమున ప్రారంభమై 1901 నాటికి పూర్తియైనది.

టేకుకథలో తెలుగువారి భుజబలమునకును పాలున్నది. కాకినాడకు చేరువనున్న కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టుటకు ప్రసిద్ధి. 1789లోను 1839లోను ఉప్పెనలు దానిని ముంచి చెఱచినవి. ఆ తీరమునుండి రంగూనుకు వెడలిన తెలుగుకూలీలను బర్మాలో కోరంగీలనియే పిలిచిరి. రంగూను రేవులోను, బియ్యపుమిల్లులలోను, కోతమిల్లులలోను దుంగలు దొర్లించి, బస్తాలు మోసి, ఓడలు నింపినది వారే. 1930 మే మాసమున రేవుపనికై తెలుగువారికిని బర్మీయులకును జరిగిన కొట్లాట, 1942లో జపాను దండయాత్రవలన కాలినడకన తిరిగివచ్చిన వేలకుటుంబముల యాతన, ఇవేవియు కలప ఎగుమతి పట్టికలలో కనబడవు. అంతకుముందు 1885లో ఎగువబర్మాను బ్రిటిషువారు ఆక్రమించుటకు బొంబాయి బర్మా వ్యాపారసంస్థపై అచ్చటి రాజసభ విధించిన కలపజరిమానా ఒక నెపమైనదన్న సంగతి మాత్రము చరిత్రపాఠములలో నిలిచినది.

మృదుదారువు విషయమై దేశములను పోల్చుటకు అన్నింటికంటె చక్కని నిదర్శనము బ్రిటనుదే కనుక దానిని కొంత విపులముగా చెప్పెదను. నెపోలియను 1807 ప్రాంతమున బాల్టిక్ రేవులను బ్రిటిషు వర్తకమునకు మూయించగా, ఓడలకు స్తంభములును ఇండ్లకు పలకలును ఎచ్చటినుండి తేవలెనని ఇంగ్లండు కలవరపడి, రష్యా, ప్రష్యా, స్వీడను, నార్వేల కలపపై సుంకమును పెంచుచు, తన యధీనమునందలి కెనడా వలసల కలపకు దారి తెరచినది. యుద్ధము ముగిసినను సుంకము దిగలేదు. 1821నాటి చట్టప్రకారము యాభై ఘనపుటడుగుల లోడు ఒక్కింటికి పరదేశపు కలపపై 55 షిల్లింగులు, వలసకలపపై 10 షిల్లింగులు. ఫలితమేమన, ప్రక్కనున్న బాల్టిక్ తీరమును విడిచి అట్లాంటిక్ మహాసముద్రము నడ్డముగా దాటివచ్చిన క్విబెకు, న్యూబ్రన్స్‌విక్ పైన్ దుంగలే 1820 ప్రాంతపు బ్రిటిషు దిగుమతిలో నాల్గింట మూడువంతులయ్యెను. అంకెలు మాత్రమే చూచువాడు స్వీడనులో అడవులంతరించినవనియో, కెనడాలో పైన్ క్రొత్తగా మొలచినదనియో భ్రమపడవచ్చును. నిజమునకు మారినది లండనులో ఒక పట్టిక. 1842 తరువాత పీల్ ప్రభుత్వము ఆ వ్యత్యాసమును తగ్గించినది. 1860లో రెండింటి సుంకము సమమైనది. 1866లో సుంకమే పోయినది. వెంటనే ఆవిరిరంపములు అమర్చుకొన్న స్వీడను, ఫిన్లాండులు ముందునకు వచ్చి ఇంగ్లండు విపణిని తిరిగి ఆక్రమించినవి. కెనడానుండి దుంగలు తెచ్చిన ఓడలు తిరుగుప్రయాణమున ఖాళీగా పోక, ఐర్లండు, స్కాట్లండుల దరిద్రులను చౌకరుసుమునకు ఎక్కించుకొనిపోయెడివి. ఉత్తర అమెరికా జనసంఖ్యలో కొంతభాగము ఈ 55 షిల్లింగుల సుంకమునకు ఋణపడియున్నదన్నను అతిశయోక్తి కాదు.

పరిమాణములు పోల్చవలెనన్న ముందు కొలతలు కలియవలెను. ఇచ్చటనే చదువరి ఎక్కువగా మోసపోవును. మన కలపడిపోలలో ఇప్పటికిని సాగు పద్ధతి నొకదానిని దగ్గఱనుండి చూడుడు: దుంగ నడుమ టేపుగాని త్రాడుగాని చుట్టి, ఆ చుట్టుకొలతను నాలుగు మడతలు పెట్టి, ఒక మడతను దానితోనే గుణించి, దానిని పొడవుతో హెచ్చింతురు. దుంగ గుండ్రనిదైనను దానిని చదరపు దూలముగా భావించు ఈ లెక్క వాస్తవ ఘనపరిమాణములో నూటికి సుమారు 78 పాళ్లు మాత్రమే చూపును. తక్కిన ఇరువదిరెండు పాళ్లు రంపపుపొట్టుగా, బెరడుప్రక్క చెక్కలుగా పోవునని అంచనా. ఇంగ్లీషువారు హాపస్ కొలత యని పిలిచినది దీనినే. న్యూజీలాండునుండి వచ్చు దుంగను దాని సన్నని కొన వ్యాసమును మాత్రమే చూచి, జపానుదేశపు పద్ధతిలో లెక్కింతురు. ఒకే దుంగ ఓడనెక్కునపుడు ఒక పరిమాణము, మన డిపోలో దిగునపుడు మఱియొక పరిమాణము.

బాల్టిక్ వర్తకులదింకొక విధము. పండ్రెండడుగుల పొడవు, పదునొకండంగుళముల వెడల్పు, అంగుళమున్నర మందము గల పలకలు నూటయిరువది చేరిన పీటర్స్‌బర్గు స్టాండర్డు. అది 165 ఘనపుటడుగులు, నేటి లెక్కలో సుమారు 4.67 ఘనమీటర్లు. అమెరికావారు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందముగల బోర్డుఫుటును పట్టుకొనిరి. అందును, రెండంగుళములు నాలుగంగుళములని పేరుపడిన చెక్క చిత్రికపట్టిన పిమ్మట ఒకటిన్నర, మూడున్నర అంగుళములే యుండును గనుక పేరులోని కలపలో మూడింట రెండువంతులే చేతికి వచ్చును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 1947లో అటవీవస్తువుల గణాంక సంచికను వెలువరింప నారంభించి అందఱిని ఘనమీటరుపైకి తేజూచినది. నేడు పరిశోధకులు వాడు దేశవారీ వరుస 1961నుండి దొరకును. అప్పటికిని చిక్కు తీరలేదు. మన దిగుమతి లెక్క ఏప్రిలులో మొదలై మార్చిలో ముగియును, మఱికొన్ని దేశములకు జనవరియే మొదలు. ఒకరు పంపినామన్న సరకును ఇంకొకరు అందినదన్న సరకుతో సరిచూచిన రెండంకెలు పొసగుట అరుదు.

కలప కలపగానే రావలెనను నియమమేమియు లేదుగదా! తెలుగువాని యింట శీతలదేశపు స్ప్రూస్ తొలుత అడుగుపెట్టినది తలుపుగా కాదు, వార్తాపత్రికగా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి వారపత్రికగా ఆరంభించి 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడపిన ఆంధ్రపత్రికకుగాని, సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున నెలకొల్పిన గోలకొండ పత్రికకుగాని ఆ దినములలో స్వదేశపు న్యూస్‌ప్రింటు దొరకు వీలులేదు. అట్టి కాగితమును చేయు మొదటి మిల్లు మధ్యప్రదేశమందలి నేపానగరున 1955 ప్రాంతమునగాని ఉత్పత్తికి రాలేదు. న్యూస్‌ప్రింటన్నది మృదుదారువును నీటితో రాతిపై నూరి పరచినదే. కెనడా, స్కాండినేవియా అడవులే దానికి పుట్టిల్లు. రెండవ ప్రపంచయుద్ధమున ఓడలు కరవై పత్రికలు పుటలు తగ్గించుకొన్నవి. స్వాతంత్ర్యానంతరము విదేశమారకము కరవై 1962లో న్యూస్‌ప్రింటు నియంత్రణపుటుత్తరువు వచ్చినది. పత్రికలు పది పుటలు మించరాదన్న నిబంధనను 1972లో సుప్రీముకోర్టు కొట్టివేసినది. వాక్స్వాతంత్ర్యమునకు సంబంధించిన ఆ ప్రసిద్ధ వ్యాజ్యము మూలమున నున్నది ఎచ్చటిదో ఒక మంచుకొండపై నరికిన చెట్టు. ఈ కాగితమంతయు సుంకపు పుస్తకములో కాగితముగనే లెక్కకు వచ్చును. మృదుదారువు పద్దులో దాని పేరుండదు.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ వ్యాపారపు ప్రధానరంగము అమెరికా, కెనడాల సరిహద్దు. కెనడాలో అడవులధికముగా ప్రభుత్వపువి. చెట్టు నరికినందులకు చెల్లించు రుసుమును ప్రభుత్వమే నిర్ణయించును. అమెరికాలో అవి యెక్కువగా స్వంతదారులవి. ధరను వేలము నిర్ణయించును. కెనడా రుసుము చౌకయనియు, అది దొంగచాటు సహాయమనియు అమెరికా కోతమిల్లులవారు 1982లో లేవదీసిన తగవు 1986, 1996, 2006 సంవత్సరముల ఒడంబడికలలో సద్దుమణిగినట్లే కనబడి, 2017నుండి మరల సుంకములై కొనసాగుచున్నది. ఈ వివాదము చదువుటకు విసుగు. దాని నడుమ నడచిన ఒక్క సంఘటన మాత్రము చెప్పదగినది. 2005లో అమెరికాలో ఇరువదిలక్షలకు మించి క్రొత్త యిండ్ల పని మొదలుకాగా, 2009 నాటికది ఐదున్నర లక్షలకు పడిపోయినది. కెనడానుండి వచ్చు కోతకలప సగముకంటె తక్కువైనది. సుంకములు చేయలేనిది ఇండ్లఋణముల పతనము చేసినది. అదే సమయమున బ్రిటిషు కొలంబియా అడవులలో పైన్ చెట్ల బెరడు తొలుచు పురుగు ప్రబలి, కోటి ఎనుబది లక్షల హెక్టార్లకు సోకి, ఆ రాష్ట్రపు అమ్మదగిన పైన్‌లో సగమునకు పైగా చంపినది. చచ్చిన చెట్టు కుళ్లకముందే నరకవలెనుగదా యని నరికిన కలప చైనా విపణిని వెదకుకొనెను.

తూర్పున జపాను 1964లో దుంగల దిగుమతిపై కట్టుబాట్లను పూర్తిగా విడిచిపెట్టినది. తన కలపతో తానే నూటికి తొంబదిపాళ్ల వఱకు గడుపుకొన్న దేశము, 2002లో పందొమ్మిదిపాళ్లకంటె తక్కువకు దిగినది. ఆ దేశపు కొండలపై యుద్ధానంతరము నాటిన శంకుఫలజాతి చెట్లు మాత్రము నరకువారు లేక నిలిచిపోయినవి. చైనా 1998లో యాంగ్‌ట్సీ వఱదల పిమ్మట సహజారణ్యములలో నరకుడు మాన్పించి, రష్యా సరిహద్దు తెరచినది. రష్యా తన దుంగలు ముడిగా పోవుటకు సహింపక 2007లో నూటికి ఇరువది, 2008లో ఇరువదియైదు చొప్పున ఎగుమతి సుంకము వేసి, తుదకు 2022 జనవరినుండి మృదుదారువు దుంగల ఎగుమతినే నిషేధించినది. ఆ లోటును పూరించినది, ఆశ్చర్యముగా, దక్షిణార్ధగోళమున నున్న న్యూజీలాండు. అచ్చటి రేడియాటా పైన్ ఆ దేశపుదే కాదు; కాలిఫోర్నియా తీరమునుండి తెచ్చి, 1920, 1930 దశకములలో బీడునేలలపై విస్తారముగా నాటినది. పుట్టినచోట కోతకు పనికిరాని వంకరచెట్టు, పెట్టినచోట ముప్పదియేండ్లకే నిటారుగా ఎదిగినది. నేడు ఆ చిన్నదేశము సంవత్సరమునకు సుమారు రెండుకోట్ల ఘనమీటర్ల దుంగలను ఎగుమతిచేయుచున్నది. అందులో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా చైనాకే.

ఆ మిగిలిన పాళ్లలోనే మన భాగము. భారతదేశమున 1988నాటి జాతీయ అటవీవిధానము పరిశ్రమలకు అడవినుండి చౌకకలప ఇయ్యరాదని చెప్పినది. 1993లో కేంద్ర ప్రజాపనులశాఖ తన కట్టడములలో కలప వాడుకను మానినది, 2020లో గాని ఆ కట్టు విడువలేదు. 1996 డిసెంబరు 12వ తేదీన గోదవర్మన్ తిరుముల్పాడు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు దేశమంతట నియమరహితమైన నరకుడును, లైసెన్సు లేని కోతమిల్లును నిలిపివేసినది. అడవులకది మేలే. కాని ఇండ్లు కట్టువాని కోరిక ఉత్తరువుతో నిలువదు. మలేషియా దుంగలు, బర్మాటేకు, ఆఫ్రికాటేకు, వీనివెంట పైన్, ఓడలపై వచ్చి పడినవి. 2014 ఏప్రిలు 1నుండి బర్మా దుంగల ఎగుమతి ఆపగా పైన్ పద్దు ఇంకను పెరిగినది. కచ్ఛు తీరమున, కరాచీ పోయిన లోటు తీర్చుటకు కట్టిన కాండ్లా రేవు ఈ వర్తకమునకు ముఖద్వారమై, చేరువనున్న గాంధీధాము కోతమిల్లుల పట్టణమైనది. న్యూజీలాండొక్కటియే ఒకానొక దశలో సంవత్సరమునకు పదిలక్షల ఘనమీటర్లకు మించిన దుంగలను మనకు పంపినది. తరువాత మిథైల్ బ్రోమైడు వాయువుతో పురుగుమందు పట్టించు విషయమున మన నిబంధనలకును వారి పర్యావరణ నియమములకును పొత్తు కుదరక ఆ రాక క్షీణింపగా, యురుగ్వేనుండి పైన్ వచ్చి ఆ స్థానము నాక్రమించినది. ఇచ్చటను మారినది చెట్టు కాదు, పురుగుమందు నియమము.

గాంధీధామున చీల్చిన ఆ పలకలు లారీలపై దక్షిణమునకు దిగి మేడ్చలు బాటకు చేరును. ఇండ్ల తలుపులలో దానికి గౌరవస్థానము లేదు. దర్వాజకు టేకే కావలెనన్న మాట నేటికిని చెల్లుచున్నది. పైన్‌కు దొరకిన ఉద్యోగము మూటలు మోయుట. 1990 దశకమునుండి శామీర్‌పేట మండలమందలి తుర్కపల్లి చుట్టుప్రక్కల జీనోమువ్యాలీ పేరిట ఔషధ, టీకాపరిశ్రమలు వెలసినవి. మేడ్చలు చుట్టును వందలకొలది చిన్నపెద్ద కర్మాగారములు. వానికి విదేశములనుండి వచ్చు యంత్రములు చెక్కపెట్టెలలో వచ్చును. ఇచ్చటినుండి పోవు సరకు చెక్కపీటలపై, అనగా ప్యాలెట్లపై, ఎక్కిపోవును. ఆ ప్యాలెట్టు నొకదానిని వంగి చూచినచో, దాని కాలిచెక్కపై కాల్చి వేసిన ముద్ర యొకటి కానవచ్చును: ఒకవైపు గోధుమవెన్ను బొమ్మ, దానిప్రక్క దేశమును దెలుపు రెండక్షరములు, తయారీదారు సంఖ్య, క్రింద వేడిచేసినదను గుర్తు. చెక్క నడిగర్భమునగూడ 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఎడతెగక ముప్పది నిమిషములు నిలిచినదని ఆ గుర్తు సాక్ష్యము. కలపతోపాటు పురుగు దేశాంతరము పోరాదని 2002లో ఏర్పడిన అంతర్జాతీయ నియమము ఇది. జర్మనీ ముద్ర, చైనా ముద్ర, మనదేశపు ముద్ర గల పీటలు ఒక్క గోడకు ఆనించి పేర్చియుండుట ఈ ప్రాంతమున వింత కాదు. యంత్రము లోనికి పోయిన పిమ్మట ఆ పెట్టెచెక్క వృథాగా పోదు: మేకులు పీకి నిటారుచేసి దాచుకొందురు, చెక్కలు చాయదుకాణపు బల్లగానో, కోళ్లగూడుగానో, కూలీల గుడిసెకు తలుపుగానో రెండవజన్మ నెత్తును.

పోలికలు చేయు పండితుల కన్ను పడని స్థలమిదియే. ప్యాలెట్టు యంత్రముతో వచ్చినదా, అది యంత్రపు పద్దు. టీకాతో పోయినదా, అది టీకాల పద్దు. కాగితము కాగితపు పద్దు. కలపను కలపగా కొని అమ్మినపుడు మాత్రమే మృదుదారువు పట్టిక దానిని గుర్తించును. కావున భారతదేశమునకు ఇన్ని లక్షల ఘనమీటర్ల పైన్ వచ్చినదని చదివినపుడు, అది దేశములోనికి వచ్చిన పైన్ అంతయు కాదనియు, వచ్చినదానిలో మేడ్చలు వాటా యెంతో ఆ అంకె చెప్పజాలదనియు జ్ఞప్తియందుంచుకొనవలెను. కెనడా ఎక్కువ పంపినది, రష్యా తక్కువ పంపినది అని యేడాదికేడాది గీతలు గీచి, వాని ఎత్తుపల్లములలో అడవుల యోగక్షేమములను చదువబూనుట నాకు సాహసముగనే తోచును. సుంకము, నిషేధము, పురుగు, ఇండ్లఋణము, పురుగుమందు, ఈ అయిదింటిని ప్రక్కన వ్రాసికొననివాడు ఆ గీతలను పోల్చక యుండుటయే మేలు.

ఈ బాటకు చేరువనే, దూలపల్లిలో రాష్ట్ర అటవీ అకాడమీయు, అటవీజీవవైవిధ్య పరిశోధనాసంస్థయు ఉన్నవి. శామీర్‌పేట దాటిన ములుగులో 2019నుండి అటవీకళాశాల తన స్వంతభవనమున నడచుచున్నది. 2016లో ఏర్పడిన మేడ్చలు–మల్కాజిగిరి జిల్లాకు కలెక్టరు కార్యాలయము శామీర్‌పేట మండలమందే యున్నది. ప్రపంచపు లెక్కలు మనము దిద్దజాలము గాని, మన ఊరి లెక్క వ్రాయుటకు ఇంతకంటె అనువైన తావు తెలుగునాట దొరకదు. ఈ సంస్థల విద్యార్థులు ఒక్క సంవత్సరముపాటు మేడ్చలు, శామీర్‌పేట మండలముల కోతమిల్లులు, డిపోలు, ప్యాలెట్ల దుకాణములు తిరిగి, ఎంత కలప వచ్చినది, ఏ దేశపుది, ఏ కొలతతో కొన్నది, కడకు ఏమైనది అని ఘనమీటర్లలో వ్రాసి తెలుగున ప్రకటింపవలెనని నా ప్రార్థన.